బలపపురాయి

బుచ్చిరెడ్డిపాలెపు వరిపొలములకు నీరిచ్చు పెన్నానది, నెల్లూరు సీమను చేరకముందు అనంతపురము జిల్లాలోని తాడిపత్రి మీదుగా ప్రవహించును. ఆ తాడిపత్రి ప్రాంతమందును, నేటి నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల ప్రాంతమందును ఒక మెత్తని రాయి దొరకును. పలకమీద వ్రాయు బలపములను దీనినుండి కోయుటచే దీనికి బలపపురాయి అని పేరు. తాకినచో సబ్బువలె జారుటచే సబ్బురాయి అనియు అందురు. ఇందలి ముఖ్యఖనిజము టాల్కు.

మోహ్స్ అను శాస్త్రజ్ఞుడు 1812లో ఏర్పరచిన కాఠిన్యపు కొలతలో వజ్రము 10వది, టాల్కు 1వది. గోటితో గీసినను దీనిపై గీత పడును. శుద్ధమైన టాల్కులో నూటికి 63.5 పాళ్లు సిలికా, 31.7 పాళ్లు మెగ్నీషియా, 4.8 పాళ్లు నీరు ఉండును.

ఇంత మెత్తదనమునకు కారణమేమి? నెల్లూరు గనుల అభ్రకమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. రెండును పొరలుపొరలుగా కట్టబడిన ఖనిజములే. కాని అభ్రకపు పొరలను వాని నడుమనున్న పొటాషియము అయానులు బంధించును. టాల్కు పొరల నడుమ అట్టి బంధము లేదు. స్వల్పమైన ఆకర్షణ మాత్రమే కలదు. కావున బలపముతో వ్రాసినపుడు పొరలు జారి పలకకు అంటుకొనును. అదియే మనము చూచు తెల్లని అక్షరము.

టాల్కు పొడి నీటిని అంటించుకొనదు. నూనెను, జిగురును పట్టుకొనును. అందుచే కాగితపు మిల్లులలో గుజ్జునందలి జిగురును తొలగించుటకు ఇది పనికివచ్చును. రంగులలో, రబ్బరులో, ప్లాస్టిక్కులలో కూడ కలుపుదురు. సుమారు 1000 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినచో ఇందలి నీరు పోయి గట్టిపడును; ఇట్లు విద్యుద్బంధకములు తయారగును. ఈ పొడితో ఇంగువను కల్తీ చేయువారును కలరు. అట్టి ఇంగువను నీటిలో కలిపి కదల్చక ఉంచినచో రాతిపొడి అడుగున చేరును.

మన దేశమున రాజస్థానము ఉత్పత్తిలో మొదటిది. త్రవ్విన రాతిని రంగునుబట్టి చేతితో ఏరి, పగులగొట్టి, మరలలో విసరి, జల్లింతురు.

రాయలసీమలో డోలమైటు శిలలలోనికి కరగిన డోలరైటు చొచ్చుకొనివచ్చినపుడు, ఆ వేడికి డోలమైటులోని మెగ్నీషియము సిలికాతోను నీటితోను కలిసి బలపపురాయి ఏర్పడినది. పులివెందుల ప్రాంతపు రాతినార కూడ ఇట్టి శిలలలోనే పుట్టినది. రాతినార పోగులు ఊపిరితిత్తులలో చేరినచో క్యాన్సరు కలుగవచ్చును. ఈ రెండు ఖనిజములును ఒకేచోట ఏర్పడుట సాధ్యమగుటచే, శరీరమునకు పూయు టాల్కును సూక్ష్మదర్శినితోను, ఎక్స్ కిరణములతోను పరీక్షింపవలెను. 2024లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్కునే ‘బహుశః క్యాన్సరు కారకము’ అను వర్గమున చేర్చినది.

గనులలో రాతిని తడిపి పని చేయుట, ముక్కునకు తొడుగు ధరించుట అవసరము. బడిలో పిల్లలు పలకను ఊదక, తడిగుడ్డతో తుడుచుట మేలు. చంటిబిడ్డల ముఖముదగ్గర పౌడరు చల్లరాదు.