భూమి వెల – ఊరి బ్రతుకు

భూమికి వెల యెట్లు కలుగును? మట్టిలో సారము, దాపున నీరు, పంటకు గిరాకి – ఈ మూడును కూడినచోట వెల హెచ్చును. వీనిలో నొక్కటి లోపించినను తగ్గును. బోధను ప్రాంతపు చరిత్రయే యిందుకు నిదర్శనము.

మంజీరానదిపై 1923లో ఆరంభింపబడిన నిజాంసాగరము 1931లో పూర్తియయ్యెను. దాని కాలువల క్రింద చెరకు పండసాగెను. 1937లో బోధనునందలి శక్కరునగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. పొలము చెంతనే గిరాకి యేర్పడుటచే చెరకు సేద్యము రైతునకు ఆధారమయ్యెను.

అయితే కర్మాగారము సిరిని మాత్రమే గాక మురికినిగూడ పుట్టించును. చెరకు పిప్పి పొయ్యిలోనికి పనికివచ్చును. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌నుండి మద్యసారము తీయుదురు. అటుపిమ్మట మిగులు నల్లని నీటిని శుద్ధిచేయక వాగులోనికి వదలినచో, అందలి మలినములను తిను సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించును. చేపలు చచ్చును, బావులు చెడును, నేల సారము తప్పును.

మంజీర నిజాంసాగరమును చేరకమునుపే ఇంతకంటె ఘోరమైన కీడు కనబడును. పటాన్‌చెరు ప్రాంతమున మందుల, రసాయనముల కర్మాగారములు వదలిన విషజలము నక్కవాగులో కలిసి, పరిసర గ్రామముల పొలములను, బావులను పాడుచేసెను. ఈ విషయము 1990లో సుప్రీంకోర్టుకెక్కెను. రైతులకు నష్టపరిహారమును, గ్రామములకు మంచినీటిని ఇప్పింపవలెనని న్యాయస్థానము ఆదేశించెను.

విద్యార్థులారా! ఇచ్చట నొక చిక్కు గమనింపుడు. నీరు చెడిన పొలమును సేద్యమునకు కొనువాడుండడు. కాని పట్టణము సమీపించినప్పుడు ఇండ్లస్థలములకై అదే నేలకు ధర పెరుగవచ్చును. అమ్మినవానికి ధనము దక్కును. కౌలుదారునకు, కూలివానికి, పాడిపశువులను పెంచువానికి, చేపలు పట్టువానికి దక్కునదేమి? కావున భూమి వెల పెరిగినంతమాత్రమున ఊరు బాగుపడెనని యెంచరాదు.

అట్లని కర్మాగారములు వలదనుటయు తగదు. 2015 డిసెంబరులో బోధను కర్మాగారము మూతపడగా, కార్మికులు జీవనోపాధి కోల్పోయిరి. చెరకు రైతులు వరి మొదలగు పంటలకు మరలిరి. గిరాకి పోయిన పిమ్మట మంచి నేలయు, కాలువ నీరును ఉండియు చెరకు నిలువలేదు.

పరిశ్రమయు కావలెను, పరిశుద్ధజలమును కావలెను. జలకాలుష్య నివారణకై మన దేశమున 1974లోనే చట్టము చేయబడినది. మురికిని శుద్ధిచేయుటకగు వ్యయమును కర్మాగారము భరింపవలెను. లేనియెడల ఆ వ్యయమును వాగు ప్రక్కనున్న పేదవాడు తన పంటతోను, ఆరోగ్యముతోను చెల్లించును. ఊరివారు ఈ లెక్క నెరిగి అడిగిననాడే చట్టమునకు బలము చేకూరును.