చిన్న మాటలతోనే పెద్ద చిక్కు

ఆదివారం పిల్లల్ని తెలుగు తరగతిలో దింపి, బయట కాఫీ తాగుతూ కూర్చునే తల్లిదండ్రుల మధ్య తరచు వినబడే మాట: "మా అమ్మాయి ముందు ఇంగ్లీషు మాట్లాడాలంటే భయమండీ, ప్రతి వాక్యం దిద్దుతుంది." ఆ వెంటనే ఇంకో మాట: "అందుకే ఇంట్లో కూడా ఇంగ్లీషే మొదలుపెట్టాం, మాకూ నాలుగు పదాలు వస్తాయని." మొదటిది అర్థం చేసుకోదగ్గదే. రెండోదానితోనే నాకు పేచీ.

అసలు మనకు కొరవడినవి ఏ పదాలు? కాలేజీ చదువు చదివి అమెరికా వచ్చినవాళ్ళకి "పోస్ట్‌పోన్", "టాలరేట్", "రిజెక్ట్" బాగానే తెలుసు. జీఆర్‌ఈ కోసం బ్యారన్స్ పుస్తకంలో మూడున్నర వేల మాటలు బట్టీ పట్టినవాళ్ళూ మనలో ఉన్నారు. కానీ పక్కింటావిడ "పుట్ ఆఫ్", "పుట్ అప్ విత్", "టర్న్ డౌన్" అంటుంది. వాయిదా వేయడం, ఓర్చుకోవడం, కాదనడం. అర్థాలు అవే! "పుట్" తెలుసు, "అప్" తెలుసు, "విత్" తెలుసు. మూడూ కలిసి ఓర్చుకోవడం ఎలా అయ్యాయో మాత్రం మనకెవరూ చెప్పలేదు.

దీని వెనుక కొంత చరిత్ర ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక చాలా కాలం దొరల భాష ఫ్రెంచి, చర్చి చదువుల భాష లాటిను. సామాన్యుల ఇళ్ళలో, పొలాల్లో మాత్రం పాత ఇంగ్లీషే నడిచింది. అందుకే ఇంగ్లీషులో ఒకే పనికి రెండేసి మాటలు కనబడతాయి. "బిగిన్", "ఆస్క్", "బై" ఇంటి మాటలు. "కమెన్స్", "ఎంక్వైర్", "పర్చేజ్" ఫ్రెంచి నుంచి వచ్చిన దొరల మాటలు. ఇది మనకు కొత్తా? ఇల్లు, గృహం; నీళ్ళు, జలం; చెట్టు, వృక్షం అని మనకీ రెండు వరసలున్నాయి. పుస్తకాల్లోనే తెలుగు నేర్చుకున్న పెద్దమనిషి మనింటికొచ్చి "కించిత్ జలము దయచేయుడు" అన్నాడనుకోండి, నీళ్ళిస్తాం, కానీ నవ్వాపుకోలేం. అర్జీల్లో, ఆఫీసు ఉత్తరాల్లో ఇంగ్లీషు నేర్చుకున్న మనం "కైండ్లీ ఇంటిమేట్ మీ" అన్నప్పుడు ఇక్కడివాళ్ళకీ ఇంచుమించు అలాగే ఉంటుంది.

నవ్వుతో పోయేదైతే ఇంత వ్రాయనక్కర్లేదు. పిల్లవాడికి ఒంట్లో బాగాలేక డాక్టరుకు ఫోను చేస్తే నర్సు "ఈజ్ హీ త్రోయింగ్ అప్?" అని అడుగుతుంది. "వామిటింగ్" ఒక్కటే తెలిసిన తల్లి, వాడేం విసిరేశాడని ఆలోచిస్తుంది. "డిడ్ హీ పాస్ అవుట్?" అంటే స్పృహ తప్పాడా అని. మన దగ్గర పాస్ అవుట్ అంటే కాలేజీ ముగించడం కదా! ఉద్యోగపు ఇంటర్వ్యూలో "2004లో పాస్ అవుట్ అయ్యాను" అంటే అవతలివాళ్ళు ఏమనుకోవాలి? అలాగే "ఐ హావ్ ఎ డౌట్" అని మనం ప్రశ్న అడగబోతే, "నీ మాట మీద నాకు నమ్మకం లేదు" అన్నట్టు వినబడవచ్చు. (సందర్భం వచ్చింది కాబట్టి: ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు అవసరమైనవారికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అమ్మమ్మ జబ్బు సంగతి పదేళ్ళ పిల్లచేత చెప్పించకండి, దుబాసీని అడగండి.)

మైఖేల్ వెస్ట్ అనే ఆయన ఢాకాలో ఉంటూ, బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు ఎలా నేర్పాలా అని ఏళ్ళ తరబడి పని చేశాడు. 1953లో ఆయన ప్రచురించిన జాబితాలో ఉన్నవి సుమారు రెండు వేల మాటలే. మామూలు ఇంగ్లీషు రాతలో నూటికి దాదాపు ఎనభై మాటలు వాటిలోవేనని లెక్క తేలింది. "గెట్", "టేక్", "పుట్", "టర్న్" అన్నీ ఇలా రోజూ వచ్చేవే. జాబితా చూసి "ఇవన్నీ నాకొచ్చు" అనుకుంటాం. కానీ ఒక్కొక్క మాటా పక్కన చేరిన తోకను బట్టి పది రకాలుగా మారిపోతుంది.

నేర్చుకునే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. "పుట్"తో వచ్చేవన్నీ ఒకచోట వ్రాసుకుని వల్లిస్తే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. దానికన్నా సందర్భం ప్రకారం వ్రాసుకోండి: డాక్టరు దగ్గర, బడిలో, కారు మెకానిక్ దగ్గర. మాట ఒక్కటే కాకుండా, ఎవరు ఎవరితో అన్నారో ఆ వాక్యమంతా వ్రాయండి. మర్నాడు ఒకసారి, వారం పోయాక ఒకసారి చూడండి. టీవీలో అక్షరాలు కింద వేసుకుని చూడటం కూడా మంచిదే.

ఇక పిల్లల సంగతి. మన తరగతిలో వాళ్ళు తడబడేది ఎక్కడో తెలుసా? "పడు" దగ్గర. పడటమంటే "ఫాల్" అని నేర్పాం. మరి భయపడటం, త్వరపడటం, బయటపడటం, తలపడటం? "తలపడ్డారు" అంటే తల కింద పడిందా అని ఒక చిన్నారి కంగారుపడింది. "మాస్టారు చేయి చేసుకున్నారు" అంటే బొమ్మ చేయి తయారు చేశారనుకున్నాడు ఇంకొకడు. మన "పుట్ అప్ విత్" కష్టం, వాళ్ళ "తలపడు" కష్టం ఒకటే జాతి!

అందుకే ఇంట్లో తెలుగు మానకండి అంటున్నాను. మాటకు మాట మార్చుకోండి. భోజనాల దగ్గర అబ్బాయి ఒక ఇంగ్లీషు తోకమాట ఇవ్వాలి, అమ్మానాన్నలు ఒక తెలుగు "పడు" మాట ఇవ్వాలి. ఇద్దరూ వాక్యాలు చెప్పాలి. అప్పుడు దిద్దడం రెండువైపులా ఉంటుంది. అమ్మకు తెలివి లేక కాదు, ఆ మాట తీరే అంత అని తన తడబాటు వల్లనే పిల్లకు తెలుస్తుంది. ఇంట్లో తెలుగు తీసేస్తే మిగిలేది మన సగం ఇంగ్లీషు, పిల్లల దిద్దుబాటు. వాళ్ళ ఇంగ్లీషు ఎలాగూ బడిలోనే పెరుగుతుంది.

పెద్ద తరగతిలో దీన్ని ఈ ఏడాది కొన్ని వారాలు ఆడించాం. "గెట్ అవే విత్" అన్నదానికి తెలుగు దొరక్క అందరం తల పట్టుకున్నాం. "తప్పించుకోవడం" సరిపోలేదు. మనవరాలిని తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక మామ్మగారు గుమ్మంలోంచే "దొరక్కపోతే దొర, అంతేగా!" అన్నారు. అదే వ్రాసుకున్నాం. ఆ నోటు పుస్తకం తరగతి బీరువాలోనే ఉంది. "టేక్ ఫర్ గ్రాంటెడ్" ఎదురుగా గడి ఇంకా ఖాళీగానే ఉంది. తోచినవారు వచ్చి వ్రాయండి.