కడలి వేడెక్కితే

తిరుత్తణి కొండ మీది నుంచి చూస్తే సముద్రం కనిపించదు. కాని తిరుత్తణి ఉన్న తిరువళ్ళూరు జిల్లాకే తూర్పు అంచున పళవేర్కాడు ఉంది. తెలుగువారు దానిని ప్రళయకావేరి అని కూడా పిలుస్తారు. అక్కడి జాలర్లకు సముద్రమే పొలం. ఆ పొలంలో పంట కొంతకాలంగా తీరు మార్చుకుంటోంది.

భూమిపై పెరుగుతున్న వేడిలో నూటికి తొంభై పాళ్ళు సముద్రమే పీల్చుకుంటుంది. మనిషి శరీరానికి ఎండైనా చలైనా ఒకటే వేడి. చేప అలా కాదు. చుట్టూ ఉన్న నీటి వేడే దాని ఒంటి వేడి. పైగా నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు చేప ఏం చేస్తుంది?

కొన్ని చోటు మారుస్తాయి. నూనె కవళ్ళకు పుట్టిల్లు కేరళ, కర్ణాటక తీరాలు. 1985కు పూర్వం తూర్పు తీరంలో ఇవి అరుదు. తరువాత తమిళనాడు, ఆంధ్ర తీరాలలోనూ వలలకు చిక్కసాగాయి. నీరు వేడెక్కడం ఇందుకు ఒక కారణమని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు భావించారు. కనగర్తలు మరో దారి పట్టాయి. పైనీటిలో తిరిగే ఈ చేపలు అడుగున లాగే వలల్లో ఎక్కువగా పడటం మొదలైంది. అంటే చల్లదనం కోసం లోతుకు దిగుతున్నాయన్నమాట. (కనగర్త అన్న విశాఖ తీరపు తెలుగు మాటే దాని శాస్త్రీయ నామంలోనూ చేరింది.)

అన్నిటికన్నా వింత శంకర మీనుది. చెన్నై తీరంలో 1981లో గుడ్లు పెట్టే శంకర చేపలలో నూటికి ముప్పై అయిదు ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య కనిపించేవి. 2004 నాటికి అవి అయిదుకు తగ్గాయి. మిగిలినవన్నీ అక్టోబరు నుంచి మార్చి వరకు ఉండే చల్లని నెలలకు మారాయి. పంచాంగం చూడకుండానే అవి ముహూర్తం మార్చుకున్నాయి!

ఈదగలిగిన చేపకు ఇన్ని దారులున్నాయి. తాబేలు గుడ్డుకు లేవు. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ తీరపు ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది ఆ ఇసుక వేడి. సుమారు ముప్పై డిగ్రీలు దాటితే ఆడపిల్లలే ఎక్కువ. వేడి మరీ ముదిరితే గుడ్డులోని పిల్ల గుడ్డులోనే చనిపోతుంది. తల్లి అప్పటికే సముద్రంలో ఉంటుంది.