కొట్టినా మానడు, దాచినా ఆగదు
గంజాయి అలవాటును ముందే కనిపెడితే కుర్రాడు చేతికి దక్కుతాడు

నర్సీపట్నం: పదో తరగతి చదివే కొడుక్కి గాలి సోకిందనుకున్నాడు ఈ ప్రాంతపు రైతు ఒకాయన. తాయెత్తు కట్టించాడు, కోడిని కోయించాడు. కుర్రాడు సాయంత్రమైతే జీడితోట వైపు పోయేవాడు. ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, అర్ధరాత్రి లేచి అన్నం గిన్నె ఖాళీ చేసేవాడు. బట్టలు ఉతుకుతుంటే జేబులో గంజాయి పొడి, సన్న కాగితాలు తల్లి చేతికి తగిలాయి. తండ్రి గొడ్డును బాదినట్టు బాదాడు. పిల్లాడు మూడు రోజులు ఇంటి ముఖం చూడలేదు.

ఇది ఆ ఒక్క ఇంటి బాధ కాదు. మన్యం నుంచి సరుకు దిగే దారిలో ఉన్న ఊళ్లివి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు 2 లక్షల కిలోలకు పైగా గంజాయిని తగలబెట్టారు. అంత తగలబెట్టినా పొట్లాలు పిల్లల చేతికి చేరడం ఆగలేదు.

గమనించవలసినవి

కళ్లు ఎర్రబడటం, బట్టలకు ఘాటు వాసన, ఎరుపు కనపడకుండా కళ్లలో చుక్కల మందు, వేళకాని వేళ ఆకలి, చదువు మీద ధ్యాస తగ్గడం, కొత్త స్నేహాలు, ఇంట్లో డబ్బు మాయం కావడం. వీటిలో ఏ ఒక్కటో కనపడగానే నేరం అంటగట్టరాదు. నాలుగైదు కలిసి, వారాల తరబడి ఉంటే మాత్రం ఉపేక్షించరాదు.

మత్తులో ఉన్నప్పుడు నిలదీస్తే ప్రయోజనం లేదు. తెల్లారాక తల్లీ తండ్రీ ఇద్దరూ కూర్చోబెట్టి, ఎప్పటినుంచి, ఎవరితో, డబ్బెక్కడిదని నెమ్మదిగా అడగాలి. చుట్టాల ముందు పరువు తీయరాదు. మానిన మొదటి వారం రెండు వారాలు నిద్ర పట్టదు, తిండి సహించదు, చీటికిమాటికి కోపం వస్తుంది. అది పొగరు కాదు, మత్తు వదిలే బాధ.

కేసు భయం వద్దు

ఆసుపత్రికి పోతే పోలీసు కేసవుతుందని చాలామంది దాచిపెడుతున్నారు. 1985 నాటి మత్తుమందుల చట్టంలోని 64ఎ సెక్షను, అలవాటు పడినవాడు తనంతట తాను సర్కారు ఆసుపత్రిలోగాని, గుర్తింపు పొందిన కేంద్రంలోగాని చేరి చికిత్స పూర్తి చేసుకుంటే, తాగిన నేరానికి కేసు నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. మూటలు మోసేవాడి సంగతి వేరు. 20 కిలోలు దాటితే పెద్దవాళ్లకు కనీసం పదేళ్ల జైలు. తాగే కుర్రాళ్లకే డబ్బు ఆశ చూపి మోయిస్తారు గనుక ఆలస్యం మరీ ప్రమాదం.

విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో మత్తు మాన్పించే వైద్యం ఉంది. 14446 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా చెబుతారు. గంజాయి అమ్మేవాళ్ల సమాచారం 1972కు చెప్పవచ్చు.

ఆ రైతు కొడుకు వైద్యం తరువాత మూడు నెలలు బాగున్నాడు. సంక్రాంతి నాడు పాత స్నేహితులతో కలిసి మళ్లీ తాగాడు. ఈసారి తండ్రి చెయ్యెత్తలేదు. కనుమ వెళ్లగానే కొడుకును వెంటబెట్టుకుని విశాఖ బస్సెక్కాడు.