ద్రుతవాదనము – తెరమీది గురువు

గిటారుపై లీడ్ వాయించువాని వ్రేళ్లు మెరుపువలె పరుగిడుట చూచినప్పుడు, ఆ విద్య తనకును రావలెనని కోరని యువకుడు అరుదు. పాటకు ఊతగా తీగలనన్నిటిని కలిపి మీటుట ఒక యెత్తు. ఒక్కొక్క స్వరమును విడివిడిగా, స్పష్టముగా, మహావేగముతో పలికించుచు పాట నడుమ తానే గాయకుడై నిలుచుట మరియొక యెత్తు. ఈ రెండవదానినే లీడ్ గిటారు అందురు. పూర్వము దీనిని నేర్వగోరినవాడు ఉపాధ్యాయుని వెదకికొనుచు పట్టణమునకు పోవలసి యుండెను. నేడు చేతిలోని ఫోనే పాఠశాల. అయితే ఆ పాఠశాలలో ఏది దొరకును, ఏది దొరకదు అను సంగతి తెలిసి అడుగుపెట్టినవానికే విద్య అబ్బును. ఈ ప్రసంగమున ఆ రెంటిని విచారింతము.

మొదట దొరకునదేమో చూతము. గ్రామఫోను రికార్డుల కాలమున, వేగముగా సాగు స్వరావళిని పట్టుకొనగోరినవారు నిమిషమునకు 33 చుట్లు తిరుగవలసిన రికార్డును 16 చుట్లకు తగ్గించి వినెడివారు. వేగము సగమయ్యెడిది గాని, శ్రుతియు దానితోపాటు ఒక స్థాయి క్రిందికి దిగిపోయెడిది. వాదకుని వ్రేళ్లు ఎక్కడ నున్నవో ఊహించుకొనవలసినదే. 2003లో జస్టిన్ శాండర్‌కో అను ఆస్ట్రేలియా దేశీయుడు తన గిటారు పాఠములను ఇంటర్నెట్టులో ఉంచనారంభించెను. 2005లో యూట్యూబ్ వచ్చిన పిమ్మట ఇట్టి పాఠములు వేలకొలదిగా పెరిగినవి. దృశ్యమును సగము వేగమునకు తగ్గించినను ఇప్పుడు శ్రుతి మారదు. ఏ వ్రేలు ఏ మెట్టుపై ఉన్నదో కన్నులార చూడవచ్చును. ఒకే చోటును నూరుమారులు అడిగినను ఈ గురువు విసుగుకొనడు. ఇది సామాన్యమైన లాభము కాదు.

ఇక వేగమనగా నేమో కొంచెము లెక్క వేసి చూతము. మెట్రోనోము నిమిషమునకు 120 దెబ్బలు కొట్టుచుండగా, దెబ్బకు నాలుగు స్వరముల చొప్పున వాయించినచో నిమిషమునకు 480 స్వరములు, అనగా సెకనుకు 8. దెబ్బలు 180 అయినచో సెకనుకు 12. ఇంతటి వేగమున ఒక్కొక్క స్వరమును తలచుకొని వాయించుట ఎవరికిని శక్యము కాదు. మాట్లాడునప్పుడు మనము అక్షరములను విడదీసి తలపము గదా! అట్లే నాలుగైదు స్వరములు కలిసి ఒక మాటగా చేతికి అలవడవలెను. కావున వేగమునకు మూలము కండబలము కాదు. చేతి కదలిక చిన్నదిగా, వదులుగా, ప్రతిమారును ఒకే తీరుగా ఉండుటయే దానికి మూలము.

కుడిచేతి సంగతి చూడుడు. పిక్ అను చిన్న రేకుతో ఒకసారి క్రిందికి, ఒకసారి మీదికి వంతులవారీగా మీటుటను ఆల్టర్నేట్ పికింగ్ అందురు. ఒకే తీగమీద ఇది అంత కష్టము కాదు. తీగ మారునప్పుడే చిక్కు వచ్చును. పిక్కును కొంచెము వాలుగా పట్టుకొన్నచో, ఒక దిక్కుగా మీటినప్పుడు అది తీగల పైకి తేలివచ్చును. రెండవ దిక్కుగా మీటినప్పుడు తీగల నడుమ దిగబడును. తేలియున్నప్పుడు ప్రక్క తీగకు పోవుట సులభము. దిగబడియున్నప్పుడు నడుమనున్న తీగ అడ్డము తగులును. నెమ్మదిగా వాయించునంతసేపు ఈ భేదము తెలియనే తెలియదు, చేతిని ఎత్తి దాటించుటకు వ్యవధి యుండును గనుక. వేగము పెరిగినప్పుడే ఆ వ్యవధి మాయమై దోషము బయటపడును.

ట్రాయ్ గ్రేడీ అను అమెరికా వాదకుడు ఒక చిన్న కెమెరాను గిటారుకే బిగించి, ప్రసిద్ధుల చేతి కదలికలను పరిశీలించి, ఈ మర్మమును ఇంటర్నెట్టు పాఠములలో విశదపరచెను. స్వీడనులో జన్మించి, 1984లో ‘రైజింగ్ ఫోర్స్’ అను రికార్డుతో పేరొందిన ఇంగ్వే మాల్మ్‌స్టీన్ పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణము. ఆయన పిక్కు మీదికి మీటినప్పుడు తేలును. కనుక ఒక తీగమీద సరిసంఖ్యలో మీటి, పైమీటు తరువాత తీగ మార్చును. స్వరములు బేసిసంఖ్యలో వచ్చినచోట, ఒకదానిని మీటకయే ఎడమచేతి వ్రేలితో పలికించి లెక్కను సరిచేయును. మరికొందరు వాదకులు పిక్కు వాలునే నడుమ నడుమ మార్చుకొందురు. మార్గము ఏదైనను, అది తెలిసి ఎన్నుకొన్నదై ఉండవలెను.

ఎడమచేతి విద్యలును ఇట్టివే. మీటకయే వ్రేలితో తీగను మెట్టుపై కొట్టి పలికించుట హామరాన్. వ్రేలితో లాగి విడిచి పలికించుట పులాఫ్. కుడిచేతి వ్రేలినికూడ మెట్లపైకి తెచ్చి కొట్టుట టాపింగ్. 1978లో ఎడ్డీ వాన్ హేలెన్ వాయించిన ‘ఎరప్షన్’ దీనిని లోకమంతట వ్యాపింపజేసినది. పిక్కును ఒకే ఊపున అనేక తీగలపై జార్చుట స్వీప్ పికింగ్. ఇందు ఒక స్వరము పలికిన వెంటనే ఆ వ్రేలి ఒత్తిడిని సడలించవలెను. లేనిచో స్వరములన్నియు ఒకదానిలో ఒకటి కలిసి కలకలమగును. వ్రేలి స్థానమును తెర చూపగలదు. వ్రేలి ఒత్తిడిని చూపలేదు. దానిని చెవియే పట్టుకొనవలెను.

తెరమీది గురువు వద్ద దొరకనిది ఇచ్చటనే ఉన్నది. ఆయన వాయించును, చెప్పును, చూపును, కాని వినడు.

మా అనుభవమునే చెప్పుదుము. కొన్ని యేండ్ల క్రిందట మేమొక పాఠమును చూచి, ఒక తీగమీద మూడు, ప్రక్క తీగమీద మూడు, వెరసి ఆరు స్వరముల వరుసను మూడు మాసములు ప్రతిదినము సాధన చేసితిమి. మెట్రోనోము 80 నుండి 132 వరకు చేరినది. మిక్కిలి సంతసించితిమి. ఒకనాడు దానిని ఫోనులో రికార్డు చేసి, మరునాటి ఉదయము వింటిమి. ఆరింటిలో నాలుగవ స్వరము పలుకుటయే లేదు. ఆ చోట ‘టక్’ మను చప్పుడు మాత్రమే వినవచ్చినది. మూడు మీటులైన పిమ్మట పిక్కు తీగల నడుమ దిగబడి, తీగ దాటునప్పుడు తగులుకొనుచుండెను. తెరమీది వాదకుని నాదము చెవిలో నిండియుండుటచే, మా చేయి పలికింపని స్వరమును మా మనస్సు పూరించుకొనుచుండెను! పైగా వేగము కొరకు మణికట్టును బిగించుటచే మోచేతి వరకు నొప్పి. మూడు మాసములు మేము సాధించినది విద్య కాదు, తప్పు. ఎదుట గురువున్నచో మొదటి దినముననే “ఆగుము, నాలుగవ స్వరమేది?” అని యుండును. తరువాత ప్రతి మూడింటిలో నడిమి స్వరమును మీటక, హామరాన్‌తో పలికించుట నేర్చుకొంటిమి. అప్పటికి గాని ఆ వరుస చక్కబడలేదు.

విద్యలో వినుట ఎంతటిదో తెలుపు నిదర్శనము మన తెలుగునాటనే కలదు. 1969లో పాలకొల్లులో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ గారు, గిటారువలె మెట్లు గలిగి పిక్కుతో మీటు విద్యుత్ మాండలినుపై కర్ణాటక సంగీతమును అసాధారణ వేగముతోను, స్పష్టతతోను వాయించిరి. 2014లో వారు దివంగతులగునాటికి, గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తోడను కలిసి వాయించి దేశదేశముల మన్నన పొందియుండిరి. వారి గురువులు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాదకులు కారు. గురువు పాడెడివారు, శిష్యుడు దానిని వాద్యముపై పలికించెడివాడు. వ్రేలు ఎక్కడ పెట్టవలెనో చూపువారు లేకున్నను విద్య వచ్చినది, వినువారు ఎదుట ఉండిరి గనుక. తెరముందు కూర్చున్న మన విద్యార్థి స్థితి దీనికి సరిగా తలక్రిందు. వ్రేళ్లను చూపువారు వేలమంది, వినువారు లేరు.

కావున ఆ వినువానిని విద్యార్థి తానే సమకూర్చుకొనవలెను. వాయింపబోవు వరుసను ముందు నోటితో పాడుట మంచిది. పాడలేని స్వరమును చేయి పోల్చుకొనలేదు. మన సంగీతములో సరళీ స్వరములను మూడు కాలములలో సాధన చేయు పద్ధతి గిటారుకును చక్కగా సరిపడును. మొదటి కాలమున స్వరశుద్ధి, రెండవ కాలమున లయ, మూడవ కాలమున కదలికలోని దోషము తెలియును. నెమ్మదిగా మాత్రమే వాయించుచున్నచో తీగ దాటునప్పటి చిక్కు దాగియుండును. వేగముగా మాత్రమే వాయించినచో స్వరములు మ్రింగబడును. కనుక నెమ్మదిగా కొంతసేపు వాయించి, నడుమ నడుమ నాలుగైదు స్వరములను మాత్రమే పూర్తివేగమున పలికించి ఆగవలెను. ఆగినప్పుడు చేయి బిగిసినదా, వదులుగా నున్నదా అని గమనింపవలెను. నొప్పి పుట్టినచో ఆనాటికి సాధన చాలింపవలెను. నొప్పిని ఓర్చుకొనుట తపస్సు కాదు, చేతికి చేటు.

అన్నిటికంటె ముఖ్యము, వారమునకొక్కసారియైన తన వాదనమును రికార్డు చేసి, కొంత వ్యవధి యిచ్చి, పరుల వాదనమువలె వినుట. ఆ రికార్డును సగము వేగమునకు తగ్గించి వినినచో మ్రింగబడిన స్వరములు దాగజాలవు. విద్యార్థి పంపిన దృశ్యమును చూచి తప్పులు తెలుపు ఉపాధ్యాయులును ఇంటర్నెట్టులో లేకపోలేదు. స్తోమత గలవారు అట్టివారిని ఆశ్రయించుట మేలు. లేనివారు సంగీతజ్ఞానము గల మిత్రునికో, ఊరిలోని వయొలిన్ పంతులుగారికో వినిపింపవచ్చును. వారికి గిటారు రానక్కరలేదు. చెవి యున్న చాలును.

ఇప్పటికే ఏదో యొక పాఠమును సాధన చేయుచున్న యువకులు ఈ రాత్రి క్రొత్త పాఠమును వెదకవద్దు. నిన్నటి పాఠమునే ఒక్కసారి వాయించి, రికార్డు చేసి, రేపు ఉదయము వినుడు. నాలుగవ స్వరము వినవచ్చుచున్నదో లేదో మీకే తెలియును.