ఐ.పి. పెట్టిన రైతుకు మిగులునదేమి?

పంట పోయి, వడ్డీ పెరిగి, ఐ.పి. పెట్టక తప్పదనుకొన్న రైతు వకీలును మొదట అడుగు ప్రశ్న ఒకటే: "ఇక నాకేమి మిగులును?" సర్వమును పోవునని భయపడి కొందరు ఎడ్లను బావమరిది దొడ్డిలో కట్టివేయుదురు, ఇంటిని భార్యపేర వ్రాయుదురు. చిక్కు వచ్చునది ఈ పనులవలననే.

సామాన్య రైతు దివాలాకు నేటికిని వర్తించునది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము. జప్తు చేయరాని సొత్తు రిసీవరు చేతికి పోదని దాని 28వ సెక్షను చెప్పుచున్నది. సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము సేద్యపు పనిముట్లు, మీ బ్రతుకుతెరువుకు అవసరమని కోర్టు తలచిన పశువులు, విత్తనపు గింజలు, మీరు కాపురమున్న ఇల్లు, వంటపాత్రలు, పడకలు జప్తు కారాదు. భూమికి ఈ రక్షణ లేదు. తనఖా పెట్టిన ఇంటి విషయములోను దీనిని నమ్ముకొనరాదు. తనఖాదారుని హక్కు ఐ.పి. వలన పోదు. అయితే "మినహాయింపు కోరను" అని మీచేత ముందే వ్రాయించుకొన్నను ఆ వ్రాత చెల్లదు.

ఇక పింఛను. గతసేవకుగాని, అశక్తతకుగాని, దయతోగాని ప్రభుత్వమిచ్చు పింఛనును అప్పులవారు జప్తు చేయించరాదని 1871 పింఛన్ల చట్టము 11వ సెక్షను శాసించుచున్నది. వృద్ధాప్య, వికలాంగ పింఛన్లకు ఈ సెక్షను చూపి రక్షణ కోరవచ్చును. పి.ఎం. కిసాన్ క్రింద ఏడాదికి వచ్చు 6,000 రూపాయలు పింఛను కాదు. అడుగుట మానవద్దు గాని, తప్పక దక్కునని లెక్క వేసికొనవద్దు. తల్లి పింఛను తల్లిదే. ఆమె మీ అప్పుకు హామీ పడకుండవలెను, ఖాతా మీతో ఉమ్మడిగా ఉండరాదు.

కోర్టుకన్న బ్యాంకులో జాగ్రత్త ఎక్కువ కావలెను. పంటరుణము బాకీయున్నచోటనే సాయము పడినచో, దానిని బాకీకి జమకట్టు ప్రమాదము కలదు. అప్పులేని వేరొక బ్యాంకులో పొదుపు ఖాతా తెరచి, ఆధారును దానికి మార్పించుకొనుడు. పింఛను డబ్బులో ఇతర డబ్బు కలుపవద్దు.

ఆ ఖాతా, ఎడ్లు, పింఛను అన్నియు పిటీషనులో వ్రాసి, ప్రక్కనే మినహాయింపు కోరుడు. మోసముతో దాచినచో ఏడాదివరకు జైలు శిక్ష పడవచ్చును. ఉచితముగా ఇతరులపేర వ్రాసిన రెండేండ్లలోపల ఐ.పి. పడినచో, ఆ వ్రాతను రిసీవరు రద్దు చేయించగలడు. బావమరిది దొడ్డికి తోలిన ఎడ్లు మీ దొడ్డిలోనే ఉండి, లెక్కలో చూపబడియున్నచో, బహుశః మీకే దక్కెడివి.

వకీలు ఫీజుకు శక్తిలేనివారు జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సహాయమునకు అర్జీ పెట్టుకొనవచ్చును.