ఇంటరప్ట్ డిస్క్రిప్టర్ పట్టిక: చిరునామా ఒక్కటే ఎందుకు చాలదు?

ఉప్పల్‌లోని ఒక దుకాణంలో బిల్లు వేస్తున్న కంప్యూటర్‌పై కీ నొక్కారనుకోండి. ప్రాసెసర్ చేతిలో ఉన్న ఆదేశాన్ని ముగించి, కీని చదివే ప్రోగ్రాముకు వెళ్లాలి. కానీ దానికి అందేది చిరునామా కాదు, 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య. దీన్నే వెక్టర్ అంటాం.

1978లో వచ్చిన 8086లో మెమరీ మొదట్లోనే 1024 బైట్ల పట్టిక ఉండేది. ఒక్కో వెక్టర్‌కు 4 బైట్ల చిరునామా. ఏ ప్రోగ్రామైనా దాన్ని మార్చేయవచ్చు. డాస్ కాలపు వైరస్‌లు చాలా చేసిన పని ఇదే.

1982 నాటి 80286తో డిస్క్రిప్టర్ పట్టిక వచ్చింది. అది ఎక్కడుందో ఐడీటీఆర్ అనే రిజిస్టర్ చెబుతుంది. ఆ రిజిస్టర్‌ను మార్చే అధికారం ఆపరేటింగ్ సిస్టమ్‌దే. ఒక్కో పద్దు 8 బైట్లు, 64 బిట్ల విధానంలో 16. చిరునామాతోపాటు సెగ్మెంట్ సెలెక్టర్, గేటు రకం, అనుమతి స్థాయి అందులో ఉంటాయి.

విద్యార్థులు తరచు తడబడేది ఈ అనుమతి స్థాయి దగ్గరే. ప్రోగ్రాము తానుగా ఐఎన్‌టీ ఆదేశంతో పిలిచినప్పుడే ప్రాసెసర్ దాన్ని పరిశీలిస్తుంది. 32 బిట్ల లినక్స్‌లో సిస్టమ్ కాల్స్‌కు వాడే 128వ వెక్టర్‌కు స్థాయి 3, అంటే మామూలు ప్రోగ్రాములకూ ప్రవేశం ఉంది. కీబోర్డు వెక్టర్‌కు స్థాయి 0. ప్రోగ్రాము దాన్ని పిలిస్తే 13వ వెక్టర్ లోపం వస్తుంది. కీబోర్డు పంపే ఇంటరప్ట్‌కు మాత్రం ఈ పరిశీలన లేదు. ఉంటే, బిల్లుల ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ కీబోర్డు మూగబోయేది.

పట్టికే చెడిపోతే? లోపాన్ని సరిదిద్దే ప్రోగ్రాము దొరకక ప్రాసెసర్ 8వ వెక్టర్‌కు, అంటే డబుల్ ఫాల్ట్‌కు వెళ్తుంది. అదీ దొరకకపోతే ట్రిపుల్ ఫాల్ట్. సాధారణంగా కంప్యూటర్ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. లోపం ఏమిటో చెప్పే ప్రోగ్రాముకూ దారి ఆ పట్టికలోంచే కాబట్టి, తెరపై ఒక్క సందేశమూ కనిపించదు.